ఇంట్లోనూ ఒక సంఘం

పొదుపు సంఘంలో ఒక్క కంతు కూడా తప్పని ఇల్లాలు, ఇంటి మీదున్న ప్రోనోటులో మాత్రం ఏళ్లు గడిచినా వెయ్యి రూపాయల అసలు తగ్గించలేకపోతుంది. ఎర్రగుంట్లలో, చుట్టుపక్కల చిలంకూరు, కలమల్ల వంటి పల్లెల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. సంపాదించే చేతులు అవే, వచ్చే డబ్బూ అదే. ఒక అప్పు గడువుకు తీరుతోంది, ఇంకొకటి కదలడం లేదు. తేడా ఎక్కడుంది?

సంఘంలో కూర్చునే రోజు ముందే ఖాయం. పది మందీ వస్తారు. పుస్తకం తెరిచి ఎవరి పేరు మీద ఎంత అప్పుందో, ఈ నెల ఎంత కట్టారో పైకి చదువుతారు. అందరూ విని సంతకాలు పెడతారు. పల్లెల్లో వెలుగు వాళ్లు, పట్టణాల్లో మెప్మా వాళ్లు నేర్పే పంచసూత్రాలు ఇవే: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అప్పులు ఇచ్చుకోవడం, గడువుకు తిరిగి కట్టడం, పుస్తకం సరిగా రాయడం.

ఇంట్లో ఈ ఐదింటిలో ఒక్కటీ ఉండదు. భర్త తెచ్చిన చేబదులు భార్యకు తెలియదు. భార్య పాడిన చీటీ డబ్బు ఎటు పోయిందో భర్తకు తెలియదు. కొడుకు ఫోన్‌లో యాప్ అప్పు తీసుకున్నాడని ఇద్దరికీ తెలియదు. ముసలమ్మకు ఎవరూ ఏమీ చెప్పరు. తెలియని అప్పు కోసం ఎవరు మాత్రం ఖర్చు తగ్గించుకుంటారు? అందుకే ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. ఇంటిల్లిపాదికీ తెలిసిన అప్పే తీరుతుంది. ఏ ఖర్చు కోయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న.

మన రాష్ట్రం చూసిన రెండు పాఠాలు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, తమ ఇళ్లలో డబ్బు ఎక్కడ కారిపోతోందో వాళ్లు కలిసి మాట్లాడుకున్నారు. అక్కడ పుట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ తర్వాత అదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. సారా ఆపి ఊరుకోకుండా, మిగిలిన డబ్బుకు వెంటనే ఒక చోటు చూపించారు. మనం పట్టుకోవాల్సింది ఈ సంగతి.

రెండోది 2010 నాటిది. సూక్ష్మరుణ కంపెనీల వాళ్లు వారం వారం ఇంటి ముందుకు వచ్చి కంతు వసూలు చేసేవాళ్లు. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర, అది కట్టడానికి మూడో కంపెనీ దగ్గర అప్పు తెచ్చారు. ఇంట్లో చెప్పకుండా, పక్కింటికి తెలియకుండా తెచ్చిన అప్పులు ఎన్నో. వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అసలును మించి వడ్డీ వసూలు చేయకూడదని, కంతు నెలకోసారే ఉండాలని అందులో కట్టడి చేసింది. అప్పును అప్పుతో తీర్చడం మొదలైన ఇంట్లో, ఆ సంగతి బయటపడే సరికే పరిస్థితి చేయి దాటిపోతుందని ఆ రోజులు చూపించాయి.

మొదటి పని: అప్పులన్నీ ఒక పేజీ మీదికి

లెక్క కోసం ఎర్రగుంట్లలో ఒక ఇంటిని అనుకుందాం. ఇంటాయన నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు, నెలకు 18,000. ఆమె బట్టలు కుట్టి 5,000 తెస్తుంది. అవ్వకు పింఛను 4,000. ఇంటర్ చదివే కొడుకు, ఎనిమిదో తరగతి కూతురు. ఆదివారం రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి, వంద పేజీల నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ప్రోనోటు ఎనభై వేలు కాక ఇంకేమన్నా ఉండాదా?" అని ఆమె అడిగింది.

"వారం ఫైనాన్సులో పదివేలు తెచ్చినా మే. నువ్వు బాధపడతావని చెప్పలే."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "నేను గూడా చెప్పలే" అంది ఆమె. "సంఘంలో తెచ్చిన దాంట్లో పదిహేను వేలు మా తమ్మునికిచ్చినా."

అవ్వ వింటూ ఉంది. "ఇంత అప్పు పెట్టుకోని నాకు పండక్కి పట్టుచీర యాల తెచ్చినార్రా?"

ఆ రాత్రి పేజీ మీదికి వచ్చినవి: ప్రోనోటు 80,000, నూటికి మూడు రూపాయల వడ్డీ. వారం ఫైనాన్స్ 10,000. సంఘం అప్పులో మిగిలింది 60,000, నెలకు 2,500 కంతు. బ్యాంకులో బంగారం కుదువ 50,000. బైకు కంతులు ఇంకా ఎనిమిది, నెలకు 3,000 చొప్పున 24,000. మొత్తం 2,24,000.

ఈ మొదటి సమావేశానికి ఒకే కట్టుబాటు పెట్టుకోండి. ఎవరు ఏ అప్పు చెప్పినా "ఎందుకు చేశావు" అని అడగకూడదు. ఆ ప్రశ్న ఒక్కసారి వచ్చిందంటే, ఇంకా చెప్పాల్సిన వాళ్లు నోరు విప్పరు. పేజీ సగమే నిండుతుంది. సగం పేజీ పట్టుకుని వేసిన లెక్క మూడో నెలకే తప్పుతుంది.

రెండో పని: అన్నిటినీ రూపాయి వడ్డీలోకి మార్చండి

బ్యాంకు వాళ్లు శాతంలో చెబుతారు, షావుకారు రూపాయల్లో చెబుతాడు, ఫైనాన్స్ వాళ్లు అసలు వడ్డీ మాటే ఎత్తరు. అన్నిటినీ మనకు అలవాటైన "నూటికి నెలకు ఇంత" లోకి మార్చితే ఏది మెడకు బిగుస్తోందో తెలుస్తుంది. ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగిస్తే చాలు.

బంగారం మీద బ్యాంకు 9 శాతం తీసుకుంటోంది అనుకుంటే అది 75 పైసల వడ్డీ. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణం గడువుకు కడితే 4 శాతమే పడుతుంది, అంటే 33 పైసలు. రబీలో శనగ వేసే రైతు ఆ గడువు తప్పితే, చేతికొచ్చే వడ్డీ రాయితీని తానే వదులుకున్నట్టు. క్రెడిట్ కార్డు బాకీకి నెలకు మూడున్నర శాతం వేస్తే అది మూడున్నర రూపాయల వడ్డీ. "ఫ్లాట్ 12 శాతమే" అని రెండేళ్లకు ఇచ్చే బండి అప్పు వినడానికి రూపాయి వడ్డీలా ఉంటుంది. కంతు కట్టే కొద్దీ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీదే లెక్కకడతారు కాబట్టి, నిజంగా పడేది దాదాపు రూపాయి ఎనభై పైసలు.

ఇక వారం ఫైనాన్స్. పదివేలు రాసుకుని, పదిహేను వందలు ముందే పట్టుకుని, 8,500 చేతికిస్తారు. వారానికి వెయ్యి చొప్పున పది వారాలు కట్టాలి. చూడటానికి పదిహేను వందలే. కానీ మొదటి వారం నుంచే అసలు వెనక్కి పోతోంది కాబట్టి, ఇది వారానికే నూటికి మూడు రూపాయలు దాటిన వడ్డీ. ప్రోనోటుకు నెలకు పడేది దీనికి వారంలో పడుతోంది.

ఇప్పుడు పేజీ మీద అప్పులను వడ్డీ ఎక్కువున్న వరుసలో మళ్లీ రాయండి. పెద్ద అప్పు పైన ఉండాలని లేదు. ఎక్కువ వడ్డీ పడేది పైన ఉండాలి.

మూడో పని: కోత ఎక్కడ

ఖర్చు తగ్గించుకోమంటే సంగటి మానుకోమని కాదు. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి ఏ ఇంటినీ అప్పుల పాలు చేయవు. డబ్బు పోయే దారులు వేరే ఉన్నాయి.

ముందు మందు సంగతి, ఎందుకంటే చాలా ఇళ్లలో దీని గురించి మాట్లాడకుండానే మిగతావన్నీ కోస్తారు. ఇప్పుడు క్వార్టర్ సీసా 99 రూపాయలకు దొరుకుతోంది. రోజుకొకటి అంటే నెలకు 2,970. మన లెక్కలోని ప్రోనోటు వడ్డీ నెలకు 2,400. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి ఇంటాయన ముందు పెట్టండి. రాళ్ల దుమ్ములో, ఎండలో పన్నెండు గంటలు నిలబడే మనిషికి ఒళ్లు నొప్పులుంటాయి, దాన్ని తీసిపారేయొద్దు. కానీ ఆ అంకె మార్చాల్సింది ఆయనే, ఎంతకు తగ్గిస్తాడో చెప్పాల్సిందీ ఆయనే. మన ఇంట్లో నెలకు పదిహేను సీసాల నుంచి మూడుకు తెస్తానన్నాడు. 1,188 మిగిలింది.

ఫోన్లు. 28 రోజుల ప్యాక్ వేసుకుంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జ్‌లు పడతాయి. ఇంట్లో నాలుగు ఫోన్లలో అవ్వ ఫోన్‌కు డేటా ఎందుకు? రెండింటిని చిన్న ప్యాక్‌కు మార్చితే 400.

తిరుగుడు. ప్రొద్దుటూరికి, జమ్మలమడుగుకు బైకు మీద పోయి వచ్చే పనుల్లో ఆడవాళ్లు చేసుకోగలిగినవి బస్సు మీదికి మార్చండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. పెట్రోలులో 500.

బయటి తిండి. కర్రీ పాయింట్ కూరలు, సాయంత్రం బజ్జీలు, పిల్లల కూల్‌డ్రింకులు కలిపి వారానికి ఎంతవుతోందో ఒక నెల రాసి చూడండి. సగానికి తెస్తే 700.

సరుకులు. చింతపండు, నూనె, బేడలు రోజుకో చిన్న ప్యాకెట్ తెచ్చుకునే ఇల్లు, నెలకోసారి తూకంలో తెచ్చుకునే ఇంటి కంటే ఎక్కువ కడుతుంది. రేషన్ బియ్యాన్ని అయినకాడికి అమ్మేసి, అంగట్లో సన్నబియ్యం కొనే అలవాటు ఇంకొకటి. అలా అమ్మడం నేరం కూడా. సంగటికి, దోసెలకు, ఇడ్లీలకు ఆ బియ్యం చక్కగా పనికొస్తాయి. ఇందులో 500. గుట్కా, బీడీ దగ్గర 300.

మొత్తం 3,588. దాదాపు 3,600 అనుకుందాం.

పండగలు, ఫంక్షన్లు నెలవారీ లెక్కలో కనపడవు గానీ ఏడాదిలో పెద్ద దెబ్బ అవే. చదివింపుల పుస్తకం బయటికి తీయండి. మన ఇంటి పెళ్లికి ఎవరు ఎంత చదివించారో అందులో ఉంది. అది కూడా తిరిగి తీర్చాల్సిన బాకీయే. కాబట్టి మానలేం. కానీ వాళ్లు పెట్టింది ఐదు వందలైతే పరువు కోసం రెండు వేలు పెట్టక్కర్లేదు. రాబోయే ఏడాదిలో ఎవరి ఇళ్లలో శుభకార్యాలున్నాయో ముందే రాసుకుని, నెలకింత తీసి పెట్టుకోండి. కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీలు, డీజే, వెయ్యి మంది భోజనాలు ఎవరి కోసమని ఇంట్లో కూర్చుని అడగండి. ఒక్క రోజు ఫంక్షన్ కోసం మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, ఆ పిల్ల కాలేజీలో చేరే నాటికి ఫీజుకు అడ్డం పడుతుంది.

కోయకూడనివి

బీపీ, షుగర్ మాత్రలు ఆపొద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, జన ఔషధి దుకాణంలో తక్కువకు దొరుకుతాయి. పిల్లల పాలు, గుడ్లు, చదువు కోతలోకి రాకూడదు. గనుల్లో, లారీల మీద, ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లు బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలు కట్ అయ్యే జీవన్ జ్యోతి బీమాను, 20 రూపాయల సురక్షా బీమాను ఎప్పుడూ ఆపొద్దు. రెంటిలోనూ హామీ రెండేసి లక్షలు. సంపాదించే మనిషికి ఏమైనా అయితే అప్పు ఇంటి మీదే మిగులుతుంది. రోజుకు రూపాయిన్నర కూడా పడని ఈ ఖర్చును ఆపితే మిగులు అనుకోవడం పొరపాటు.

నాలుగో పని: మిగిలిన డబ్బుకు ఆ రోజే దారి

చాలా కుటుంబాలు ఇక్కడే జారిపోతాయి. కోత పెడతారు, 3,600 మిగులుతుంది, నెలాఖరుకు ఎటో కరిగిపోతుంది. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చేసిన పనే మనం చేయాలి. కూలి చేతికి వచ్చిన రోజే ఆ మొత్తాన్ని పక్కకు తీసి అప్పుకు కట్టేయాలి.

లెక్క చూడండి. 80,000 ప్రోనోటుకు వడ్డీ మాత్రమే కడుతూ పోతే మూడేళ్లలో కట్టేది 86,400. అప్పటికీ అసలు 80,000 అలాగే ఉంటుంది. అదే 2,400 వడ్డీకి ఈ 3,600 కలిపి నెలకు 6,000 కడితే, పద్దెనిమిదో నెలలో నోటు తీరిపోతుంది. మొత్తం వడ్డీ దాదాపు 23,700. మూడేళ్లలో అరవై వేలకు పైగా ఇంట్లో మిగిలినట్టు, అప్పు కూడా లేనట్టు.

కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోండి: తేదీ, వడ్డీకి ఎంత, అసలుకు ఎంత. "మన మధ్య కాగితాలెందుకులే" అన్నా సరే, రాయించుకోవడం ఇద్దరికీ మంచిది. చిల్లరగా అసలు తీసుకోనంటే, రెండు మూడు నెలలది ఇంట్లో వాడని ఖాతాలో వేసి ఒకేసారి కట్టండి. ఆఖరి రూపాయి ఇచ్చిన రోజు నోటు వెనక్కి తెచ్చుకోకుండా ఆ గడప దిగొద్దు.

వారం ఫైనాన్స్ వరుసలో పైనున్నా, దాని కంతులతోనే పది వారాల్లో తీరుతుంది. దాన్ని మళ్లీ తిరగరాయించుకోకపోవడమే ఇక్కడ గెలుపు. ఆ వెయ్యి రూపాయలను ఇంకో మూడు నెలలు అలాగే వారం వారం పక్కన పెట్టండి. పన్నెండు, పదమూడు వేలు చేతి నిల్వ అవుతుంది. జ్వరం వచ్చినా, వానలకు గనుల్లో నీళ్లు నిలిచి పని ఆగినా, మళ్లీ ఫైనాన్స్ గుమ్మం ఎక్కే అవసరం రాదు. నిల్వ అయ్యాక ఆ వెయ్యిని కూడా ప్రోనోటుకు మళ్లించండి.

బంగారం పెట్టి నోటు తీర్చవచ్చా?

తీర్చవచ్చు, కొన్ని ఇళ్లలో తీర్చాలి కూడా. బీరువాలో బంగారం పెట్టుకుని మూడు రూపాయల వడ్డీ కట్టడం నష్టం. 80,000 మీద షావుకారుకు నెలకు 2,400 పోతుంది, బ్యాంకులో 75 పైసల లెక్కన 600. ఏ ఖర్చూ కోయకుండానే నెలకు 1,800 మిగులు. ప్రొద్దుటూరు అంగళ్ల బంగారం మన ఇళ్లలో ఆడవాళ్ల ధైర్యం, వాళ్ల పుట్టింటి గుర్తు. అందుకే ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే, రెండు షరతుల మీద ఆ పని చేయాలి. ఒకటి, ఆ రోజే ప్రోనోటు వెనక్కి రావాలి. రెండు, మిగిలిన 1,800తో పాటు కోత పెట్టిన 3,600 కూడా బంగారం అప్పుకే పోవాలి. ఈ షరతులు లేకపోతే ఏడాది తిరిగేసరికి కుదువ ఒకటి, కొత్త నోటు ఒకటి, రెండు అప్పులవుతాయి. 2010లో ఎన్నో ఇళ్లను ముంచింది అదే దారి.

పిల్లలతో, పెద్దలతో

పిల్లలకు అప్పు సంగతి చెబితే బెంగపడతారని భయపడతాం. అమ్మానాన్నలు గదిలో గొంతు తగ్గించి పోట్లాడుకోవడం వాళ్లను అంతకంటే ఎక్కువ బెంగపెడుతుంది. వయసుకు తగ్గట్టు చెప్పండి. ఇంటర్ కొడుక్కి మొత్తం లెక్క చెప్పి పుస్తకం రాసే పని అప్పగించండి. చిన్నదానికి "ఈ సంవత్సరం కొత్త ఫోన్ లేదు, నోటు తీరాక మాట్లాడుకుందాం" అని నిజం చెప్పండి. తీరాక మాట తప్పకండి.

అవ్వ పింఛను ఆమె డబ్బు. అడిగి తీసుకోండి, లెక్కలో ఆమె పేరు రాయండి. ఇంటాయన జేబులో, ఇల్లాలి చేతిలో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని కాస్త డబ్బు ఉండనివ్వండి, మూడు వందలైనా సరే. అది కూడా లేని ఇంట్లో అబద్ధాలు మొదలవుతాయి, అబద్ధం మొదలైతే పుస్తకం పనికిరాదు.

ఒక నెల కట్టలేకపోతే ఆ సంగతి కూడా పుస్తకంలో రాయండి. సంఘంలో ఒకరు తప్పితే మిగతా వాళ్లు కారణం అడిగి సాయం పడతారు. ఇంట్లో కూడా ఆ పాటి పెద్దమనసు ఉండాలి.

ఈ వారం చేయాల్సినవి

1. ఇంట్లో అందరూ ఉండే ఒక రాత్రి ఖాయం చేయండి. ప్రతి నెలా అదే రోజు.

2. యాప్ అప్పులు, చేబదుళ్లు, అంగట్లో ఖాతా బాకీలతో సహా అన్ని అప్పులూ ఒకే పేజీలో రాయండి. మొత్తం పైకి చదవండి.

3. ప్రతి అప్పు పక్కన నూటికి నెలకు ఎంత వడ్డీ పడుతోందో రాయండి. కంతులతోనే తీరిపోయే వారం ఫైనాన్స్ కాక, మిగిలిన వాటిలో ఎక్కువున్నదాని కింద గీత గీయండి.

4. ఎవరి ఖర్చు ఎంత తగ్గుతుందో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఒకరి ఖర్చును ఇంకొకరు కోయకూడదు.

5. తగ్గిన మొత్తాన్ని కూలి వచ్చిన రోజే గీత గీసిన అప్పుకు కట్టండి. చెల్లు రాయించి, తేదీ వేసి, పుస్తకంలో అందరూ సంతకాలు పెట్టండి.

6. ఒక అప్పు తీరిన నెలలో ఆ కంతు డబ్బును ఇంటి ఖర్చులో కలపొద్దు. మొత్తానికి మొత్తం తర్వాతి అప్పుకు మళ్లించండి. మొదటి అప్పు తీరడానికి పట్టిన ఓపిక రెండోదానికి అక్కర్లేదు, ఎందుకంటే అప్పటికి చేతిలో డబ్బూ ఎక్కువే ఉంటుంది, కట్టగలమన్న నమ్మకమూ ఇంటందరికీ వచ్చి ఉంటుంది.